వేడికి రంగు మారే గోళ్ళు: ఇంట్లో థర్మల్ పౌడర్‌తో నా అనుభవం

థర్మల్ నెయిల్ పాలిష్ రెడీమేడ్‌గా సీసాల్లో దొరుకుతుంది. కొని వేసుకుంటే ఎంతోసేపు పట్టదు. అయినా నేను వేడికి రంగు మారే పౌడర్ తెచ్చి ఇంట్లోనే పాలిష్ కలుపుకునే పనికి దిగాను. ఎందుకంటే సీసాలో వచ్చేదాంట్లో ఏ రంగు ఏ రంగుగా మారాలో తయారుచేసినవాళ్ళే తేల్చేసి పంపిస్తారు. ఊదా గులాబీ అవుతుంది, నీలం తెలుపవుతుంది, అంతటితో సరి. నాకేమో చల్లగా ఉన్నప్పుడు ముదురాకుపచ్చగా, వేడెక్కితే పసుపుగా కనిపించే గోళ్ళు కావాలి. గోరంతా మారాలో చివర మాత్రమే మారాలో కూడా నేనే నిర్ణయించుకోవాలి. పౌడర్ తెచ్చుకుంటే ఆ వెసులుబాటు ఉంటుంది. దాంతోపాటు బోలెడు చాకిరీ కూడా ఉంటుందనుకోండి.

పౌడర్ కొనేటప్పుడు ఎవరి కళ్ళైనా ముందు రంగు మీదే పడతాయి. నన్నడిగితే రంగు సంగతి తర్వాత, ముందు చూడాల్సింది ప్యాకెట్ మీదున్న అంకె. 18, 22, 25, 28, 31, 33, 45 అంటూ ఉంటాయి. అన్నీ సెల్సియస్ డిగ్రీలే. ఆ వేడి దగ్గర పౌడర్ రంగు పోతుందని దాని అర్థం. 45, 65 లాంటివి కప్పుల మీదా హెచ్చరిక స్టిక్కర్ల మీదా వాడుకోవడానికి. గోళ్ళకు అవి పనికిరావు, వేసుకున్నా రంగు కదలదు. 18, 22 వేసుకుంటే బయట బాగా చలి ఉన్న రోజున తప్ప రంగే కనిపించదు.

ఒంటి వేడి 37 కాబట్టి వేళ్ళ కొసలు కూడా అంతే ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. ఒంట్లో వేడిని బయటికి పంపాలన్నా, లోపలే దాచుకోవాలన్నా శరీరం వేళ్ళలోని రక్తనాళాలను వాడుకుంటుంది. వేడిగా ఉంటే అవి విచ్చుకుంటాయి, చలేస్తే ముడుచుకుంటాయి. అందుకే వేళ్ళ కొసలు ఒకసారి 34 డిగ్రీలుంటే, ఏసీ గదిలో గంట కూర్చునేసరికి 25కో అంతకంటే కిందికో దిగిపోతాయి. టెన్షన్ పడ్డా చల్లబడతాయి. 1970లలో జనం వెర్రిగా కొన్న మూడ్ రింగులు, అంటే మనసును బట్టి రంగు మారతాయని చెప్పిన ఉంగరాలు, ఈ కిటుకు మీదే నడిచాయి. మనసు సంగతేమో గానీ, ఉంగరం చెప్పింది మాత్రం వేలి వేడిని. గోళ్ళకు 31 డిగ్రీల పౌడరే ఎక్కువగా అమ్మడానికి కారణం కూడా ఇదే. వేలి కొస రోజంతా ఆ అంకెకు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది.

నేను తెప్పించుకున్నవి 31 డిగ్రీల నీలం, ఎరుపు, నలుపు. వాటితోపాటు పరీక్ష కోసం 22 డిగ్రీల నీలం చిన్న ప్యాకెట్. ఆర్డర్ పెట్టేముందు అమ్మేవాళ్ళను అడిగింది ఒక్కటే, ఇది కాస్మెటిక్స్‌లో వాడదగ్గదేనా అని. థర్మల్ పౌడర్లలో పెయింట్‌కీ ప్లాస్టిక్‌కీ చేసినవి బోలెడుంటాయి. కొన్నింటిలో రంగు తెప్పించే పదార్థంగా బిస్ఫినాల్ ఏ అనే, హార్మోన్లకు చేటని భయపడే రసాయనాన్ని వాడతారు. ఒకరు "అన్నింటికీ వాడుకోవచ్చండీ" అని తేలిగ్గా కొట్టిపారేశారు. వాళ్ళ దగ్గర కొనలేదు. ఇంకొకరు గోళ్ళకు మాత్రమే, పెదవులకూ కళ్ళ దగ్గరా వద్దని స్పష్టంగా చెప్పి కాగితం కూడా పంపారు. వాళ్ళ దగ్గరే తీసుకున్నాను.

ప్యాకెట్ రాగానే కలిపేయకుండా ముందు నీళ్ళలో పరీక్ష పెట్టాను. చిటికెడు పౌడర్‌ను జిప్ కవర్లో వేసి, గాలి తీసేసి, గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, డిజిటల్ థర్మామీటర్ పక్కనే పెట్టుకుని చూశాను. ముదురు నీలం ఒక్కసారిగా మాయమవలేదు. 28 దాటాక కొంచెం వెలిసినట్టయింది, 30 దగ్గర బూడిద కలిసిన నీలమైంది, 32 వచ్చేసరికి పాలమీగడ రంగులో తెల్లటి పొడి మిగిలింది. అంటే 31 అన్నది గీత కాదు, మార్పు జరిగే ప్రాంతానికి నడిమధ్య అన్నమాట. ఇంకో విశేషం నీళ్ళు చల్లారుతున్నప్పుడు కనిపించింది. రంగు పోయిన చోటే తిరిగి రాలేదు. 31 దాటి కిందికి వచ్చినా పౌడర్ తెల్లగానే ఉంది. ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగాకే నీలం తొంగిచూసింది. వెళ్ళే దారి ఒకటి, వచ్చే దారి ఇంకొకటి. గోళ్ళ మీద దీని ఫలితం ఏమిటంటే, వేడి తగలగానే రంగు చటుక్కున పోతుంది, తిరిగి రావడానికి మాత్రం తీరిగ్గా టైమ్ తీసుకుంటుంది.

ఇలా ఎందుకవుతుందో తెలిశాక నాకు కలపడం, ఆరబెట్టడం అన్నీ తేలికయ్యాయి. ఈ పౌడర్‌లో ఒక్కో రేణువూ కొన్ని మైక్రాన్ల సైజున్న గట్టి గుళిక. పైపొర సాధారణంగా మెలమిన్ రెసిన్. లోపల మూడుంటాయి: ల్యూకో డై అనే రంగు పదార్థం, దానికి రంగు తెప్పించే బలహీనమైన ఆమ్లం, ఈ రెండింటినీ పట్టి ఉంచే మైనం లాంటి కొవ్వు పదార్థం. చల్లగా ఉన్నప్పుడు కొవ్వు గడ్డకట్టి ఉంటుంది, డై ఆమ్లంతో జతకట్టి రంగు చూపిస్తుంది. కొవ్వు కరిగితే ఆ జత విడిపోతుంది, రంగు పోతుంది. మళ్ళీ గడ్డకడితే మళ్ళీ రంగు. ప్యాకెట్ మీది అంకె ఏమిటంటే, ఇంచుమించు లోపలి కొవ్వు కరిగే వేడే. ఇదే సూత్రంతో పైలట్ కంపెనీ ఫ్రిక్సియన్ పెన్నులు కూడా పనిచేస్తాయి. రాసింది పెన్ను వెనకున్న రబ్బరుతో రుద్దితే ఆ రాపిడి వేడికి 60 డిగ్రీలు దాటి సిరా కనిపించకుండా పోతుంది, ఫ్రీజర్లో పెడితే తిరిగి వస్తుంది. ఆ పెన్నుల్లో పోయే వేడికీ వచ్చే చలికీ మధ్య కావాలనే పెద్ద దూరం పెట్టారు. గోళ్ళ పౌడర్‌లో ఆ దూరం వీలైనంత తక్కువగా ఉండాలి.

గుళిక పగిలితే ఆట ముగిసినట్టే. గుళికను పాడుచేసేవి మూడు: కొన్ని ద్రావకాలు, ఎండ, గట్టి రాపిడి. మామూలు నెయిల్ పాలిష్ పలచగా ఉండేది ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాల వల్ల. అసిటోన్ అంత దూకుడుగా కాకపోయినా అవి కూడా గుళిక పొరను మెల్లగా తినేస్తాయి. నిజమా కాదా చూద్దామని రెండు చిన్న డబ్బాల్లో కలిపి పెట్టాను, ఒకదాంట్లో మామూలు క్లియర్ పాలిష్, ఇంకోదాంట్లో క్లియర్ జెల్, అంటే గాలికి ఆరకుండా గోళ్ళ లాంప్ వెలుతురులో గట్టిపడే రంగులేని పాలిష్. కలిపిన రోజు రెండూ ఒకేలా మారాయి. కొన్నాళ్ళ తర్వాత తీసి చూస్తే పాలిష్‌లోది చల్లగా ఉన్నా వెలవెలబోతోంది, వేడిచేసినా పూర్తిగా తెల్లబడట్లేదు. జెల్‌లోది మాత్రం తాజాగా ఉంది. కాబట్టి మామూలు పాలిష్‌లో కలిపేవాళ్ళు ఆ పూటకు కావలసింది ఆ పూటే కలుపుకోవడం మంచిది. నేను జెల్‌తోనే సాగాను.

ఇక కలపడం. బంగారం తూచే లాంటి చిన్న డిజిటల్ కాటా ఉంటే పని సుళువు. 5 గ్రాముల క్లియర్ జెల్‌కు 0.5 గ్రాము పౌడర్ నాకు కుదిరిన పాళ్ళు. పౌడర్ ఇంతకంటే తగ్గితే రంగు నీళ్ళు కలిపినట్టుంటుంది, మూడు నాలుగు కోట్లు వేస్తే గానీ ముదరదు. ఎక్కువైతే జెల్ పేస్టులా బిగుసుకుపోతుంది, గోరు మీద పరుచుకోదు. అంతకంటే ముఖ్యంగా, లాంప్ వెలుతురు కిందిదాకా దిగదు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, అడుగున పచ్చిగా ఉండిపోతుంది. పచ్చి జెల్ ఎందుకు ప్రమాదమో తర్వాత చెబుతాను.

పౌడర్ పిండిలా లేస్తుంది, కాబట్టి మాస్కు పెట్టుకోవాలి, ఫ్యాన్ ఆపెయ్యాలి. ముందు అంచెలో పౌడర్ మీద రెండు మూడు చుక్కల జెల్ వేసి, గాజు పలక మీద ప్లాస్టిక్ గరిటెతో మెత్తగా అదిమి ముద్ద చేసుకుని, తర్వాత మిగతా జెల్ కొంచెం కొంచెంగా చేర్చాను. నేరుగా డబ్బాలో వేసి గిలకొట్టినట్టు తిప్పితే బుడగలొస్తాయి, ఉండలు మిగులుతాయి. ఉండలున్నాయని లోహపు స్పాచులాతో గట్టిగా నూరకూడదు, గుళికలు నలిగిపోతాయి. కలిపాక డబ్బాకు మూతపెట్టి చీకట్లో రాత్రంతా ఉంచితే బుడగలు వాటంతటవే పైకి తేలి పోయాయి.

ఇక్కడో తమాషా. మధ్యాహ్నం కలుపుతుంటే గది వేడికి పౌడర్ ప్యాకెట్లోనే తెల్లగా ఉంది. నీలం ఏదో నలుపు ఏదో పేరు చదివి తెలుసుకోవాల్సిందే. ఎంత వేస్తే ఎంత ముదురుగా వస్తుందో కంటికి తెలియదు. అందుకని గాజు పలకను ఐస్ ప్యాక్ మీద పెట్టుకుని కలపడం మొదలుపెట్టాను. రంగు బయటపడింది, పని సాగింది. ఆ వేళకు వచ్చిన మా చెల్లి నిలబడి చూసి, "అక్కా, పాలిష్‌కి జ్వరమొచ్చిందా, ఐస్ పెట్టావు?" అంది.

గోళ్ళ మీదికి వెళ్ళేముందు ప్లాస్టిక్ టిప్స్ (అతికించుకునే కృత్రిమ గోళ్ళు) మీద రంగులు వేసి చూడటం తప్పనిసరి. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే సరదా భాగం ఇదే. వేడెక్కిన థర్మల్ రంగు దాదాపు పారదర్శకం. కాబట్టి వేడిలో కనిపించేది కింద వేసిన రంగు. చల్లగా ఉన్నప్పుడు కనిపించేది కింది రంగూ థర్మల్ రంగూ కలిసిన రంగు. ఇది బుర్రకెక్కితే చాలు, ఎవరి రంగులు వాళ్ళే కట్టుకోవచ్చు. తెలుపు మీద నీలం వేస్తే చల్లగా ఉన్నప్పుడు నీలం, వేడిలో తెలుపు. పసుపు మీద అదే నీలం వేస్తే ఆకుపచ్చ, వేడిలో పసుపు. లేత గులాబీ మీద నీలం ఊదాగా ఉండి గులాబీ అవుతుంది. పసుపు మీద ఎరుపు నారింజగా ఉండి పసుపవుతుంది. కింద ముదురు రంగు ఉంటే మాత్రం శ్రమంతా దండగ, ముదురు మీద ఏది కలిసినా ముదురే. కింద పొర ఎంత తేటగా ఉంటే మార్పు అంత నిండుగా కనిపిస్తుంది.

పారదర్శకం అన్నాను గానీ పూర్తిగా కాదు. వేడిలో కూడా కొద్దిగా మసక మిగులుతుంది. తెలుపు మీద నలుపు పౌడర్ వేసిన టిప్ వేడినీళ్ళలో ముంచినా తళతళ తెలుపు రాలేదు, పాతబడిన కాగితంలా వచ్చింది. నీలం, ఎరుపు దీనికంటే శుభ్రంగా పోతాయి. అందుకే కింద తెలుపు వేసేటప్పుడు నేను రెండు పలచటి కోట్లు వేస్తున్నాను.

22 డిగ్రీల నీలాన్నీ 31 డిగ్రీల ఎరుపునూ కలిపి పసుపు మీద వేస్తే మూడు అంచెలుగా మారాలి. మారాయి కూడా. వేడిలో పసుపు, మామూలుగా ఉన్నప్పుడు నారింజ, ఐస్ నీళ్ళలో మూడు రంగులూ కలిసి బురద రంగు. కాగితం మీద లెక్క అద్భుతం, గోరు మీద ఆ మూడో రంగు చూడబుద్ధి కాదు. దాన్ని అక్కడితో వదిలేశాను.

అసలు పనిలో మొదటిమెట్టు గోరు సిద్ధం చేసుకోవడం. క్యూటికల్ (గోరు మొదట్లో ఉండే చర్మపు అంచు) వెనక్కి నెట్టి, గోరు మీద అంటుకున్న సన్నటి చర్మపు పొర తీసేసి, మెత్తటి బఫర్‌తో మెరుపు పోయేదాకా మాత్రమే రుద్ది, ఆల్కహాల్ వైప్‌తో తుడిచాను. తర్వాత బేస్ కోట్, లాంప్. పసుపు జెల్ రెండు కోట్లు, ప్రతిదానికీ లాంప్. దాని మీద థర్మల్ జెల్ రెండు కోట్లు. అన్నీ పలచగా. బ్రష్ నిండా తీసుకుని ఒక్క దెబ్బకు ముదురు రంగు తెప్పించాలని అనిపిస్తుంది, అలా వేస్తే అడుగు ఆరదు. పైగా లాంప్ కింద గోరు చురుక్కుమంటుంది. జెల్ గట్టిపడేటప్పుడు దానంతటదే వేడి పుట్టిస్తుంది, పొర మందమయ్యేకొద్దీ ఆ వేడీ ఎక్కువే. చురుక్కుమంటే చెయ్యి బయటికి తీసి, ఒక్క క్షణం ఆగి మళ్ళీ పెట్టాలి.

థర్మల్ కోటుకు నేను పాటిస్తున్న చిన్న పద్ధతి ఒకటుంది. బ్రష్‌తో వేశాక వెంటనే లాంప్‌లో పెట్టను. ముందే రెండు చేతులూ వెచ్చబరచుకుని ఉంటాను కాబట్టి వేసిన రంగు కాసేపట్లో వెలిసిపోతుంది. రంగు పోయాక అప్పుడు లాంప్. గోళ్ళ లాంపులు ఎక్కువగా 365 నుంచి 405 నానోమీటర్ల వెలుతురుతో పనిచేస్తాయి. ముదురు రంగు ఆ వెలుతురును అడ్డుకుంటుంది, తేలిపోయిన రంగు దారి ఇస్తుంది. ముఖ్యంగా నలుపు పౌడర్‌తో ఈ తేడా నాకు బాగా తెలిసింది. చల్లటి చేత్తో పెట్టిన టిప్ గీకితే అడుగున జారింది, వెచ్చగా పెట్టింది గట్టిగా పట్టింది.

లాంప్ నుంచి చెయ్యి తీయగానే పది గోళ్ళూ పసుపు. థర్మల్ కోటు వేసిన ఆనవాలే లేదు. అమ్మ పక్కనే ఉంది. "ఏమే, ఇంతసేపు కూర్చుని వేసింది ఏదీ?" అంది. చేతులు ఫ్యాన్ కింద పెట్టాను. ముందు చిటికెన వేలి గోరు కొన దగ్గర పాచి పట్టినట్టు చిన్న ఆకుపచ్చ మరక. అది వెనక్కి పాకుతూ గోరు సగం దాకా వచ్చి ఆగింది. తర్వాత ఉంగరపు వేలు. బొటనవేలు అన్నిటికంటే ఆఖరున, అదీ కొసన సన్నటి గీతంత. ఒకే డబ్బాలో జెల్, ఒకే చెయ్యి, కానీ ఒక్కో వేలిదీ ఒక్కో రంగు. అమ్మ నా చిటికెన వేలు పట్టుకుంది. ఆ చేతి వెచ్చదనానికి ఆకుపచ్చ పోయింది. వదిలేసి కాసేపు చూసి మళ్ళీ పట్టుకుంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

గోరు సగం దగ్గర రంగు ఆగడం యాదృచ్ఛికం కాదు. గోరు వెనక భాగం కింద మాంసం ఉంటుంది, అది వెచ్చగా ఉంచుతుంది. వేలు దాటి ముందుకు పెరిగిన కొస కింద ఏమీ ఉండదు, గాలి తగులుతూ ఉంటుంది. అందుకే కొస చల్లగా, మొదలు వెచ్చగా. థర్మల్ గోళ్ళలో అందరూ ఇష్టపడే ఆ రెండు రంగుల జారుడు బ్రష్‌తో వేసేది కాదు, మన గోరు పొడవు తెచ్చిపెట్టేది. నా గోళ్ళు కాస్త పొడుగు కాబట్టి ఆ జారుడు వచ్చింది. చెల్లి గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటుంది. అదే జెల్ తనకు వేస్తే గోరంతా ఒకేసారి పసుపు, ఒకేసారి ఆకుపచ్చ. తనకు రెండు రంగులూ ఒకేసారి కనిపించాలంటే పొడుగు టిప్స్ పెట్టుకోవాలి, వేరే దారి లేదు. పొట్టి గోళ్ళవాళ్ళు థర్మల్ రంగును ఆ జారుడు కోసం కాక, రంగు మార్పు కోసమే వేసుకోవడం మేలు.

పొట్టి గోళ్ళకు నాకు నచ్చిన ఉపాయం దాచిన బొమ్మ. చెల్లికి తెల్లటి జెల్ మీద సన్నటి బ్రష్‌తో చుక్కలూ చిన్న ఆకులూ మామూలు ఎరుపు రంగుతో గీసి, లాంప్‌లో ఆరబెట్టి, దాని మీద 31 డిగ్రీల నలుపు రెండు కోట్లు వేశాను. చల్లగా ఉన్నప్పుడు మామూలు నల్లటి గోళ్ళు. గోరువెచ్చటి నీళ్ళ కుళాయి కింద పెడితే నలుపు విచ్చుకుని లోపలి ఆకులు బయటపడతాయి. గీత మందంగా, ఎరుపో నీలమో లాంటి గట్టి రంగులో ఉంటేనే ఆ మిగిలిన మసక దాటుకుని కనిపిస్తుంది. లేత గులాబీతో గీసినవి ఆనలేదు.

థర్మల్ కోటు ఆరాక మెరుపుండదు. గుళికలు వెలుతురును చెల్లాచెదురు చేస్తాయి కాబట్టి సుద్ద పూసినట్టు మొద్దుగా కనిపిస్తుంది. దాన్ని ఫైల్‌తోనో బఫర్‌తోనో నున్నగా చేయాలని చూడకూడదు, పై గుళికలు పగిలి అక్కడ తెల్లటి మచ్చలు మిగులుతాయి. గరుకుగా ఉంటే ఇంకో పలచటి క్లియర్ కోటు వేసి సరిచేసుకోవాలి. ఆపైన టాప్ కోట్. కొసల అంచులకు కూడా బ్రష్ తిప్పాలి, నీళ్ళు చేరేది అక్కడినుంచే. మెరుపుకోసం క్రోమ్ పౌడర్‌లా దీన్ని వేలితో రుద్దితే వస్తుందేమోనని కొందరు చేస్తారు. రాదు. క్రోమ్‌వి చదునైన రేకులు, ఇవి గుండ్రటి గుళికలు. రుద్దితే ఒకచోట దట్టంగా ఒకచోట పలచగా అంటుకుంటాయి, అంతే.

ఇప్పుడు పచ్చి జెల్ సంగతి. జెల్‌లో ఉండే అక్రిలేట్లు, ముఖ్యంగా హేమా అనేది, ఆరకముందు చర్మానికి మాటిమాటికీ తగిలితే అలర్జీ రావచ్చు. గోళ్ళ చుట్టూ దురద, ఎరుపు, పగుళ్ళు. ఒకసారి శరీరం దానికి ఎదురుతిరిగిందంటే సాధారణంగా జీవితాంతం అంతే. పంటి చికిత్సలో వాడే కొన్ని పదార్థాల్లోనూ ఇలాంటి అక్రిలేట్లే ఉంటాయి కాబట్టి అక్కడా ఇబ్బంది పడొచ్చు. ఇంట్లో చేసుకునేటప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే మనం కలిపిన జెల్ ఎంతసేపట్లో ఆరుతుందో ఏ కంపెనీ చీటీ మీదా ఉండదు, మనమే టిప్ మీద గీకి తేల్చుకోవాలి. నా జాగ్రత్తలు: కలిపేటప్పుడు నైట్రైల్ గ్లోవ్స్, క్యూటికల్‌కు వెంట్రుకవాసి దూరంగా ఆపడం, చర్మానికి అంటితే లాంప్‌లో పెట్టకముందే పుల్లతో తుడిచెయ్యడం, చివర్లో మిగిలే జిగటను వేళ్ళకు పూసుకోకుండా వైప్‌తో తీసెయ్యడం. క్లియర్ జెల్ కొనేటప్పుడు పదార్థాల జాబితా చదువుతాను. హేమా లేనివి దొరుకుతున్నాయి. లాంప్ వెలుతురు తగలగానే జెల్ గట్టిపడేలా చేసే టీపీవో అనే పదార్థాన్ని (ఫోటోఇనిషియేటర్) యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి కాస్మెటిక్స్‌లో నిషేధించింది, అది లేని జెల్‌లు కూడా ఇప్పుడు వస్తున్నాయి.

వేసుకున్నాక రోజులెలా గడిచాయంటే, ఎండలు ముదిరినప్పుడు బయటికి వెళ్తే పది గోళ్ళూ పసుపే. అలాంటప్పుడు చూసినవాళ్ళు మామూలు పాలిష్ అనుకుంటారు. ఏసీలో కూర్చుంటే ఆకుపచ్చ. ఫోన్ పట్టుకున్న చేతి వేళ్ళు ఒకలా, రెండో చేతివి ఇంకోలా. వీడియో కాల్‌లో మాట్లాడుతూ ఉంటే అవతలివాళ్ళు "ఇందాక వేరే రంగు కదా?" అని అడగడం నాకు భలే నచ్చింది. ముఖ్యమైన ఇంటర్వ్యూ ముందు నా గోళ్ళు మొదళ్ళ దాకా ఆకుపచ్చగా మారడం మాత్రం నచ్చలేదు. పైకి ధైర్యంగా కూర్చున్నా వేళ్ళు ఉన్న మాట చెప్పేస్తాయి. ఎండ ప్రాంతంలో ఉండేవాళ్ళకు 31 కంటే 33 డిగ్రీల పౌడర్ బాగుంటుందని నాకనిపిస్తోంది. ఎప్పుడూ చేతులు చల్లగా ఉండేవాళ్ళకు 28 సరిపోతుంది. దీనికి థర్మామీటర్ అక్కర్లేదు. కొనేముందు రోజూ మీ చేతులు పక్కవాళ్ళ చేతులకంటే వెచ్చగా ఉంటాయా చల్లగా ఉంటాయా అని వాళ్ళనే అడగండి.

దీని ఆయుష్షు మామూలు జెల్ అంత ఉండదు. పొర ఊడిపోవడం వల్ల కాదు, రంగు అలిసిపోవడం వల్ల. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ల్యూకో డైని మెల్లగా చంపేస్తాయి. లాంప్ వెలుతురు కొద్ది సేపే కాబట్టి దానివల్ల పెద్ద నష్టం కనిపించలేదు. బండి నడిపే చేతుల మీద మాత్రం తేడా తెలిసిపోయింది. హ్యాండిల్ మీద ఎండకు ఎదురుగా ఉండే నాలుగు వేళ్ళ గోళ్ళు ముందు వెలిశాయి, కిందికి ఉండే బొటనవేళ్ళు నిలిచాయి. వెలిసిన గోరు చల్లటి నీళ్ళలో పెట్టినా లేతాకుపచ్చ దాటి ముదరదు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి మొదట్లో ఖాళీ కనిపించే సమయానికి ఎలాగూ తీసెయ్యాల్సిందే. ఎండలో ఎక్కువ తిరిగేవాళ్ళు అంతకుముందే విసుగెత్తి తీసేస్తారు.

తీసేటప్పుడు టాప్ కోట్‌ను ఫైల్‌తో గరుకు చేసి, అసిటోన్‌లో తడిపిన దూది గోరు మీద పెట్టి, పైన రేకు చుట్టి 10, 15 నిమిషాలు ఆగాలి. మామూలు జెల్‌కు చేసేదే. ఫైల్ చేసేటప్పుడు మళ్ళీ మాస్కు. అసిటోన్ తగిలిన చోట గుళికలు పగిలి, థర్మల్ పొర చల్లగా ఉన్నా రంగు చూపించడం మానేసి, పసుపు మీద జిగట పొరలా మిగులుతుంది. చెక్క పుల్లతో మెల్లగా నెడితే వచ్చేస్తుంది. రాకపోతే ఇంకాసేపు నానబెట్టాలి గానీ గోరుతో పీకకూడదు, గోటి పై పొర కూడా దాంతోపాటు లేస్తుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని నూనె రాసుకున్నాను.

మిగిలిన జెల్ నల్ల డబ్బాలో, బీరువా అరలో ఉంది. పౌడర్ మెల్లగా అడుగున పేరుకుంటుంది. వాడే ప్రతిసారీ పుల్లతో అడుగు నుంచి కలుపుకోవాలి. లేకపోతే పైన తీసింది నీళ్ళ రంగులా, అడుగున తీసింది పేస్టులా వస్తుంది. డబ్బా మీద రంగు, డిగ్రీలు, కలిపిన తేదీ రాసిపెట్టాను. చెల్లి మాత్రం ఈసారి నలుపు కింద పువ్వులు గీయమంటోంది, అదీ 28 డిగ్రీల పౌడర్‌తో.